పైడిభీమవరానికి ఎన్ని సీసీలు కావాలి?

పదకొండేళ్లపాటు నాకు తెలిసిన ఇంజన్ ఒక్కటే, మా కంపెనీ బస్సుది. ఉదయం ఆరుంబావుకు విశాఖ మద్దిలపాలెంలో ఎక్కడం, హనుమంతవాక దాటేలోపే కునుకు తీయడం, పైడిభీమవరంలో మా కంపెనీ గేటు ముందు బస్సు కుదుపుకు లేవడం. దారిలో తగరపువలస దగ్గర గోస్తనిని, నాతవలస దగ్గర చంపావతిని దాటుతామని కూడా నాకు కారు తోలడం మొదలుపెట్టాకే సరిగా తెలిసింది.

నేను మందుల కంపెనీలో నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తాను. కిందటి ఏడాది ఒక సెక్షన్‌కు ఇన్‌ఛార్జిని చేశారు. జీతం కొంచెమే పెరిగింది, ఇంటికి చేరే వేళ మాత్రం బాగా పెరిగింది. ఆడిట్ ఉన్న రోజుల్లో రాత్రి ఎనిమిదికి బయటపడితే గొప్ప. బస్సేమో ఐదున్నరకే వెళ్లిపోతుంది. ఎంవీపీ కాలనీలోని మా ఇంటి నుంచి రానూపోనూ 115 కిలోమీటర్లకు అటూఇటూ. ఇక సొంత కారు తప్పదని తేలింది.

కారు మా ఇంట్లో లేక కాదు. పిల్లల్ని ట్యూషన్‌కు దింపడానికి, రైతుబజారుకు వెళ్లడానికి కొన్న ఎనిమిది వందల సీసీ (ఇంజన్ సిలిండర్ల ఘనపరిమాణం) చిన్న కారు ఉంది. ఊళ్లో అది బంగారం. కొత్తది కొనేముందు దాంతోనే రెండు వారాలు వెళ్లి చూద్దామనుకున్నాను. డెబ్బైలో వెళ్లినంతసేపు బాగానే ఉండేది. ఎనభై దాటితే మాత్రం పక్క సీట్లో ఎవరో మిక్సీ వేసినట్టు ఉండేది. తొంభైలో ఫోను మోగినా వినపడేది కాదు. వెనక నుంచి ట్రావెల్స్ బస్సు హారన్ కొడుతూ మీదికి వస్తుంటే కాలు కింద పెడల్ పూర్తిగా నొక్కి ఉన్నా కారు కదలనట్టే అనిపించేది. ఇంటికి చేరాక గంటసేపు చెవుల్లో హోరు. రెండో శనివారం ట్యాంకు నిండుగా పోయించి లెక్క చూస్తే లీటరుకు 17 కిలోమీటర్లు. ఊళ్లో కూడా అది అంతే ఇస్తుంది. హైవే మీద ఇంకా ఎక్కువ రావాలి కదా!

ఇక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. "ఇంజన్ ఎంత పెద్దదైతే అంత తాగుతుందమ్మా" అన్నది మా మామయ్యగారి సిద్ధాంతం. పోర్టులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన ఆయనకు యంత్రాల సంగతి నాకన్నా బాగా తెలుసు కాబట్టి నేను ఎదురు చెప్పలేదు. కానీ చేతిలో ఉన్న రీడింగు ఆ మాటకు కుదరలేదు. రీడింగు కుదరకపోతే నాకు నిద్ర పట్టదు. ఉద్యోగం నేర్పిన జబ్బు అది.

మా యుటిలిటీ విభాగంలో ఒక సీనియర్ ఇంజనీరు గారు ఉన్నారు. బాయిలర్లు, కంప్రెసర్లు ఆయన లోకం. భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తితే చెయ్యి కడుక్కుని వచ్చి నా డైరీలోనే లెక్క వేశారు. మామూలు కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో చదునైన రోడ్డు మీద స్థిరంగా వెళ్లాలంటే గాలిని నెట్టడానికి, చక్రాల రాపిడికి కలిపి ఎంత శక్తి కావాలి? పదిహేడు, పద్దెనిమిది హార్స్ పవర్. ఏసీకి మరో మూడు, నాలుగు. అదే ఎనభైలో అయితే పదీ పదకొండు చాలు. వేగం రెట్టింపైతే గాలి అడ్డగింపు నాలుగు రెట్లవుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. అందుకే ఎనభైకీ వందకీ మధ్య అంత తేడా. "మేడమ్, ఈ రోజు అమ్మే దాదాపు ఏ కారులోనైనా ఇంతకు మూడు రెట్ల పవర్ ఉంది. స్థిరంగా వెళ్లడానికి మీకు పెద్ద ఇంజన్ అక్కర్లేదు" అన్నారు.

"మరి నా కారు ఎందుకు ఏడుస్తోంది?"

"స్థిరంగా మిమ్మల్ని ఎవరు వెళ్లనిస్తున్నారు?"

ఆ సాయంత్రం తిరిగి వస్తూ లెక్కపెట్టాను. టెక్కలి వైపు నుంచి విశాఖ పోర్టుకు గ్రానైట్ దిమ్మెలు మోసుకొచ్చే ట్రైలర్లు, కంటైనర్లు, భోగాపురం విమానాశ్రయం పనుల టిప్పర్లు. మన దగ్గర బరువు లారీ ఎడమ వరుసలో వెళ్లాలన్న నియమం కాగితం మీదే ఉంటుంది. యాభైలో వెళ్లేది యాభై ఐదులో వెళ్లేదాన్ని దాటడానికి కుడి వరుసలోకి వస్తుంది, ఎలా దాటుతుందో మరి! వెనక మనం తొంభై నుంచి యాభైకి దిగాలి. అది పక్కకు జరిగాక మళ్లీ తొంభైకి ఎక్కాలి. రణస్థలం వైపు నుంచి వచ్చే రద్దీలో కలిసింది మొదలు ఆనందపురం చేరేలోపు ఇలా ముప్ఫై ఒక్కసార్లు. నా కారు తాగిన పెట్రోలంతా ఈ ముప్ఫై ఒక్క ఎక్కుడులోనే పోయింది. చిన్న ఇంజన్‌కు ప్రతిసారీ మూడో గేరు వేసి, పెడల్ నేలకు తొక్కి, గొంతు చించుకునేలా పరుగెత్తించాల్సి వస్తోంది. పొదుపుగా పనిచేసే వీలు దానికి దొరకడమే లేదు.

ఆ రోజు నుంచి సీసీల గురించి అడగడం మానేశాను. నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని, అరవై నుంచి తొంభైకి ఎన్ని సెకన్లలో చేరుతుంది? నా ప్రశ్న అదొక్కటే. నలుగురు అని ఎందుకన్నానంటే, నేను కారు కొంటున్నానని తెలియగానే మా విభాగంలో ముగ్గురు పెట్రోలు ఖర్చు పంచుకుంటామని ముందుకొచ్చారు. ఇసుకతోట నుంచి ఒకరు, మధురవాడ నుంచి ఇద్దరు. టిఫిన్ డబ్బాలు, ల్యాప్‌టాప్ సంచులతో కలిపి 250 కిలోలకు పైనే. చిన్న కారు మీద అదేమీ తక్కువ బరువు కాదు.

షోరూముల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. మొదటి చోట అబ్బాయి చక్కగా మాట్లాడాడు. సన్‌రూఫ్ గురించి పది నిమిషాలు చెప్పాడు, నాలుగో గేరులో ఏమవుతుందని అడిగితే బ్రోషర్ ఇచ్చాడు. టెస్ట్ డ్రైవ్ అని సిరిపురం నుంచి బీచ్ రోడ్డు దాకా తీసుకెళ్లి వెనక్కు తెచ్చాడు. ఆ దారిలో మా ఎనిమిది వందల కారు కూడా రాజాలా వెళ్తుంది. హైవే మీద, నలుగురితో, కనీసం ఆనందపురం దాకా ఇస్తేనే చూస్తానని పట్టుబట్టాను. ఒక షోరూమువాళ్లు కుదరదన్నారు, వాళ్ల కారు నా జాబితాలోంచి పోయింది. మిగిలినవాళ్లు ఆదివారం ఉదయం ఒప్పుకున్నారు.

మూడు ఆదివారాలు పట్టింది. హనుమంతవాక దాటగానే జూ పక్క నుంచి ఎండాడ వైపు రోడ్డు ఎత్తెక్కుతుంది కదా, అక్కడ బరువుతో కారు ఎలా లాగుతుందో తెలిసిపోతుంది. మధురవాడ, కొమ్మాది దాటాక ఖాళీ దొరికిన చోట అరవైకి తగ్గించి మళ్లీ తొంభైకి పెంచడం. వెనక సీట్లో మా సహోద్యోగిని ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుంది. ఒక్కో కారుకు మూడు రీడింగులు, సగటు. షోరూము అబ్బాయి ముందు సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు పాపం.

వెయ్యి సీసీ మామూలు పెట్రోలు ఇంజన్ నాలుగో గేరులో 15 సెకన్లు తీసుకుంది. తొంభై ఐదులో టాప్ గేరులో, ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లను (ఆర్‌పీఎం) చూపే ముల్లు మూడు వేల దగ్గర నిలబడింది. చెడ్డదేమీ కాదు, ఒంటరిగా నడిపితే చాలా హాయిగా ఉంది. ముగ్గురు ఎక్కగానే ఎండాడ ఎత్తులో రెండు గేర్లు దిగాల్సి వచ్చింది.

1,200 సీసీ పెట్రోలు పన్నెండు సెకన్లు. టాప్ గేరులో 2,700 చుట్టుపక్కల తిరిగింది. నిజం చెప్పాలంటే ఇక్కడే ఆగిపోదామనుకున్నాను. శబ్దం తక్కువ, క్లచ్ దూదిలా ఉంది, సర్వీసు చవక. రోజుకు నలభై కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు ఇంతకు మించి ఎందుకు అని ఇప్పటికీ నా అభిప్రాయం.

వెయ్యి సీసీకి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) తగిలించిన పెట్రోలు ఇంజన్ విచిత్రమైనది. కాగితం మీద 120 హార్స్ పవర్, అంటే మామూలు 1,200 సీసీ కంటే ముప్ఫైకి పైగా ఎక్కువ. ముల్లు రెండు వేలు దాటి ఉంటే ఎనిమిది సెకన్లలో తొంభై. పదిహేను వందల కింద ఉంటే మాత్రం ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా తోసినట్టు వెళ్తుంది. నడపడానికి భలే సరదాగా ఉంది. ఆ సరదాయే దాని చిక్కు. కాలు అదుపులో లేకపోతే మైలేజీ పన్నెండు, పదమూడుకు పడిపోతుందని వాడుతున్న ఇద్దరు చెప్పారు. నా కాలు సంగతి నాకు తెలుసు.

1,500 సీసీ డీజిల్ ఐదో గేరులోనే, గేరు మార్చకుండానే, తొమ్మిది సెకన్లలో చేరింది. ఆరో గేరులో తొంభై ఐదు దగ్గర ముల్లు 1,900 కూడా దాటలేదు. కారణం ఇంజనీరు గారు ముందే చెప్పారు. మామూలు 1,200 సీసీ పెట్రోలు ఇంజన్‌కు 110 చిల్లర న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం), అది కూడా నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక. ఈ డీజిల్‌కు 250, అదీ పదిహేను వందల దగ్గర నుంచే. లారీ వెనక నుంచి బయటపడేటప్పుడు మన ఇంజన్ సరిగ్గా పదిహేను వందలు, రెండు వేల మధ్య ఉంటుంది. పవర్ ఎంత అన్నదానికన్నా అది ఎక్కడ దొరుకుతుందన్నదే నా దారికి ముఖ్యం.

మధ్యలో గాజువాక ఆటోనగర్ కూడా వెళ్లొచ్చాను. పాత 1,248 సీసీ డీజిల్ కారు ఒకటి తక్కువలో వస్తోందని మా వారు కనుక్కున్నారు. ఫియట్ రూపొందించిన ఆ ఇంజన్‌ను ఒకప్పుడు ఇక్కడ మూడు, నాలుగు కంపెనీలు వాడుకున్నాయి. మారుతి 2020లో డీజిల్ మానేసేదాకా స్విఫ్టుల్లోనూ అదే. మెకానిక్ బానెట్ ఎత్తి చెవి పెట్టి విని, "ఇంజన్ గట్టిదేనమ్మా, ఇంకో లక్ష కిలోమీటర్లు చూసుకోనక్కర్లేదు. కానీ మీరు రాత్రి ఒక్కరే వస్తారంటున్నారు" అని ఆగాడు. ఆ ఆగడంతోనే అది వద్దనుకున్నాను. సీఎన్‌జీ అయితే చాలా కార్లలో డిక్కీ సగం సిలిండరుకే పోతుంది, పైగా ఆ ఇంధనం మీద ఇంజన్ బలం ఇంకా తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కారుకు నా దూరం సరిపోయేదే. మా అపార్ట్‌మెంటు సంఘం మాత్రం పార్కింగులో ప్లగ్ పాయింటు గురించి మూడు సమావేశాలుగా చర్చిస్తూనే ఉంది.

ఇంతలో 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారింది. బ్రోషర్లలో సీసీల అంకెలన్నీ 1,197, 1,199, 1,497 అని అంత వింతగా ఎందుకు ఉంటాయో నాకు అప్పుడే అర్థమైంది. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించకపోతే ప్రభుత్వం దృష్టిలో అది చిన్న కారు. సెప్టెంబరు 22 నుంచి వాటి మీద పన్ను 18 శాతానికి దిగింది, గీత దాటినవాటి మీద 40 శాతం. అంటే నాలుగు మీటర్ల లోపు కారులో 1,500 సీసీ పెట్రోలు పెడితే పెద్ద కారు పన్ను, అదే 1,500 సీసీ డీజిల్ పెడితే చిన్న కారు పన్ను. ఇంజన్ ఎంత ఉండాలన్నది ఇంజనీర్లకన్నా ముందు పన్నులవాళ్లే నిర్ణయిస్తారన్నమాట.

ధరలు తగ్గాక కొటేషన్లు తెచ్చుకున్నాను. ఒకే కారులో 1,200 సీసీ పెట్రోలుకూ 1,500 సీసీ డీజిల్‌కూ తేడా నాకు లక్షా ముప్ఫై వేలు వచ్చింది. నెలకు 24 రోజుల చొప్పున 2,760 కిలోమీటర్లు. పెట్రోలుకు లీటరుకు 18 వేసుకుంటే 153 లీటర్లు, అప్పట్లో మన దగ్గర ఉన్న 108 రూపాయల లెక్కన పదహారున్నర వేలు. డీజిల్‌కు 21 వేసుకుంటే 131 లీటర్లు, అప్పటి 96 లెక్కన పన్నెండు వేల ఆరు వందలు. నెలకు 3,900 మిగులు. ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. పెట్రోలులో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది, ఇథనాల్‌లో శక్తి పెట్రోలులోకన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి ఆ 18 కూడా గట్టిగా నమ్మలేం. మరోవైపు డీజిల్ సర్వీసు ఖరీదెక్కువ. ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు అని రాసుకున్నాను.

మామయ్యగారు డైరీ చూసి, "ముగ్గురు డబ్బులు పంచుకుంటుంటే నీకు మిగిలేది నెలకు వెయ్యే కదమ్మా. వెయ్యి రూపాయల కోసం లక్షా ముప్ఫై వేలా?" అన్నారు. నా లెక్కలో నేను చూడని చిల్లు అది. ఆ పూట నోరు పెగల్లేదు. పెట్రోలు కారే తీసుకుంటానని మా వారితో అన్నాను కూడా. మర్నాడు వర్షంలో, చీకట్లో, నాతవలస టోల్‌గేటు దాటాక రెండు లారీల మధ్య ఇరుక్కుని బయటపడలేక ఆ ఎనిమిది వందల కారులో తగరపువలస దాకా పడిన అవస్థతో మళ్లీ మనసు మారింది. డబ్బు లెక్క ఆయనదే సరి. నేను కొన్నది ఆ తొమ్మిది సెకన్లను. దీపావళికి ముందు డీజిల్ కారు ఇంటికి వచ్చింది.

ఇప్పటికి పన్నెండు వేల కిలోమీటర్లు దాటాయి. నలుగురితో, ఏసీతో, తొంభై, తొంభై ఐదులో ట్యాంకు నుంచి ట్యాంకుకు చూసిన సగటు 20.6. షోరూము చెప్పినదానికన్నా తక్కువ, నేను వేసుకున్నదానికి దాదాపు సమానం. వంద అన్నది నాలుగు వరుసల హైవే మీద కార్లకు పెట్టిన గరిష్ఠ వేగం, ఒకరోజు సరదాకి అంతా వందలోనే వెళ్లి చూస్తే 19కి పడింది, ఇంటికి చేరింది మూడు నిమిషాల ముందు. ఆ తర్వాత తొంభై దాటడం తగ్గించాను. అయితే ఊళ్లో ఈ కారంటే నాకు ప్రేమ లేదు. సాయంత్రం హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడినప్పుడల్లా ఎడమ మోకాలు కొత్త ఇంజన్‌ను తిడుతుంది. క్లచ్ బరువు టెస్ట్ డ్రైవ్‌లో తెలియలేదు, ఆదివారం ఉదయం ట్రాఫిక్ ఎక్కడుంటుంది? ఒక రీడింగు సోమవారం సాయంత్రం కూడా తీసుకుని ఉండాల్సింది.

సంక్రాంతి సెలవుల్లో ఇంకో సంగతి బయటపడింది. పది రోజులు కంపెనీ వైపు వెళ్లలేదు. పూర్ణా మార్కెట్, చుట్టాల ఇళ్లు, రెండేసి మూడేసి కిలోమీటర్ల ప్రయాణాలు. తొమ్మిదో రోజు డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వ ప్రమాణం) డీజిల్ కార్లకు పొగ గొట్టంలో మసిని పట్టే వడపోత ఒకటి ఉంటుంది. పట్టిన మసిని అది బాగా వేడెక్కి తనలోనే కాల్చేసుకోవాలి. ఊళ్లో ఆగి ఆగి తిరిగితే ఆ వేడి రాదు, మసి పేరుకుపోతుంది. అలాగే వదిలేస్తే వేలల్లో ఖర్చు. ఇంజనీరు గారికి ఫోను చేస్తే, "కంగారేమీ లేదు మేడమ్, ఒక ఇరవై నిమిషాలు హైవే మీద ముల్లు రెండు వేల పైన ఉంచి నడపండి" అన్నారు.

మామయ్యగారు తోడు వచ్చారు. కొమ్మాది దాటాక ఐదో గేరులోనే ఉంచి డెబ్బై ఐదు, ఎనభైలో నడుపుతున్నాను. "అంటే మనం ఎక్కడికీ వెళ్లట్లేదా?" అన్నారు. లేదన్నాను. "మసి కాల్చడానికి డీజిల్ కాలుస్తున్నావు" అని కాసేపు కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నారు. ఆనందపురం దాటి తగరపువలస వస్తుండగా దీపం ఆరిపోయింది. గోస్తని వంతెన ఇవతల రోడ్డు పక్కన ఉడకబెట్టిన తేగలు అమ్ముతుంటే ఆపమన్నారు. రెండు కట్టలు కొని వెనక సీట్లో పెట్టి, "పోనీలే, వీటికోసమే వచ్చామని చెబుదాం" అంటూ సీటు బెల్టు పెట్టుకున్నారు.